పత్రాల్లో పేరు మారకముందే ఆఫీసులో పేరు మార్చాలంటే ఎక్కడెక్కడ ఏం చేయాలి?
(ఒక చర్చావేదికలోని సంభాషణ. చేతిపుస్తకం, నియమావళి, సర్వర్‌గది, వాడుకభాష, దారి అనేవి సభ్యుల మారుపేర్లు.)

చేతిపుస్తకం (ప్రశ్న):
అందరికీ నమస్తే. ఒక ఉద్యోగి తాను ట్రాన్స్ మహిళనని మేనేజరుకీ హెచ్‌ఆర్‌కీ చెప్పారు. ఆరు వారాల తర్వాత నుంచి ఆఫీసులో కొత్త పేరుతోనే పనిచేయాలనుకుంటున్నారు. ప్రభుత్వ గుర్తింపు పత్రాల్లో పేరు ఇంకా మారలేదు, ఎప్పటికి మారుతుందో తెలియదు. జట్టులో ముప్పై మంది దాకా ఉన్నారు. బయటి క్లయింట్లతోనూ రోజూ మాట్లాడే ఉద్యోగం.

పత్రాలు రాకుండా ఏవేవి మార్చవచ్చు, ఏవి మార్చకూడదు? ఐటీ వాళ్లకి ఏమని చెప్పాలి? "డిస్‌ప్లే నేమ్ మార్చేస్తే అయిపోతుంది" అని వాళ్లు అంటున్నారు, నాకు నమ్మకం కుదరడం లేదు. జట్టుకి ఎవరు, ఎలా చెప్పాలి? ఇంకో సంగతి. ఇక్కడ మీటింగుల్లో సగం తెలుగే నడుస్తుంది. ఇంగ్లీషు సర్వనామాల గురించి సలహాలు బోలెడు దొరుకుతున్నాయి గానీ తెలుగులో ఎలా మాట్లాడాలో చెప్పినవాళ్లు కనబడలేదు.

నియమావళి:
ముందు ఒక మాట తేల్చుకోండి. ఆఫీసులో పేరు అంటే ఒకటి కాదు, మూడు. పత్రాల్లోని పేరు, వాడుక పేరు, లాగిన్ పేరు. గొడవలన్నీ ఈ మూడింటినీ ఒకే గడిలో పెట్టడం వల్ల వస్తాయి.

పత్రాల్లోని పేరు నిజంగా అవసరమయ్యే చోట్లు చాలా తక్కువ: జీతం, పన్ను, బ్యాంకు ఖాతా, బీమా, నేపథ్య తనిఖీ, గుర్తింపు పత్రం చూపించి ఎక్కాల్సిన ప్రయాణాల టికెట్లు. ఇవి తప్ప మిగతావన్నీ వాడుక పేరుతో నడపడానికి కోర్టు కాగితమేమీ అక్కర్లేదు. బ్యాడ్జీ, ఈమెయిల్, చాట్, బల్ల మీది నేమ్‌ప్లేట్, విజిటింగ్ కార్డు, సంస్థ డైరెక్టరీ, వెబ్‌సైట్‌లో జట్టు పేజీ, పనితీరు సమీక్ష, శిక్షణ సర్టిఫికెట్లు, ఫోన్ వాయిస్‌మెయిల్ పలకరింపు అన్నీ ఈ కోవలోవే. "లీగల్ పేరు కాదు కదా" అని ఎవరైనా అడ్డుపడితే, పూర్తి పేరు పొడవుగా ఉందని కుదించి రాసుకునేవాళ్లందరి బ్యాడ్జీలూ ఒకసారి చూడమనండి. వాళ్ల దగ్గర ఎవరూ కాగితం అడగలేదు.

ఫారంలో గడికి పెట్టే పేరూ ముఖ్యమే. "ప్రిఫర్డ్ నేమ్"ని "ఇష్టమైన పేరు" అని తెలుగు చేస్తే అదేదో ముచ్చటలాగా వినబడుతుంది. "అసలు పేరు" అని రాస్తే అంతకంటే దెబ్బ, ఎందుకంటే కొత్త పేరు నకిలీదని అర్థం వచ్చేస్తుంది. "వాడుక పేరు", "పత్రాల్లోని పేరు" అని రాయండి. ఎవరినీ నొప్పించవు, అర్థంలోనూ తేడా రాదు. శ్రీ, శ్రీమతి లాంటి గౌరవవాచకాల గడి తప్పనిసరిగా నింపాల్సినదైతే ఆ నిబంధన తీసేయండి. నాన్‌బైనరీ (ఆడ, మగ అనే రెండింటిలోనూ ఇమడని) ఉద్యోగి వస్తే ఫారం మొదటి గడిలోనే ఆగిపోతారు.

తర్వాత ఆ ఉద్యోగితో కూర్చుని ఒకటిన్నర పేజీ ప్రణాళిక రాసుకోండి. అందులో ఉండాల్సినవి: ఏ తేదీ నుంచి, ఏ పేరు, ఏ సర్వనామం, ఇప్పటికి ఎవరెవరికి తెలుసు, తేదీకి ముందు ఇంకా ఎవరికి చెప్పాలి, క్లయింట్లకి చెప్పాలా, ఎవరు చెప్పాలి, ఏ విషయాలు అడగకూడదు, పొరపాటు జరిగితే ఎవరికి చెప్పుకోవాలి. ఈ కాగితం ఉద్యోగిది. హెచ్‌ఆర్ సొంతంగా మార్చకూడదు. అందులో పేరు లేని మనిషికి ఈ సంగతి చెప్పే హక్కు మేనేజరుకీ లేదు, హెచ్‌ఆర్‌కీ లేదు. "మంచి ఉద్దేశంతోనే చెప్పాను" అన్నా సరే, ఒకసారి బయటపడ్డ మాటను వెనక్కి తీసుకోలేం.

జట్టుకి మేనేజరు నాలుగైదు వాక్యాల్లో చెబితే చాలు. ఇలా:

"వచ్చే సోమవారం నుంచి మన సహోద్యోగి పేరు ___. ఆమె ట్రాన్స్ మహిళ. ఇకనుంచి ఈ పేరుతోనే పిలుద్దాం, ఆమె అనే అందాం. పనిలో, బాధ్యతల్లో ఏ మార్పూ లేదు. ఏమైనా అడగాలనుకుంటే నన్ను అడగండి, ఆమెను కాదు."

వైద్యం గురించి ఒక్క ముక్క కూడా వద్దు. పాత పేరు కూడా సందేశంలో రాయొద్దు. పక్కపక్కన రెండు పేర్లూ రాసిన ఆ ఈమెయిలే తర్వాత ఎవరు వెతికినా దొరికే శాశ్వత రికార్డు అవుతుంది. ఎవరి గురించో మాటల్లో చెప్పండి, రాతలో కొత్త పేరు మాత్రమే ఉంచండి.

టాయిలెట్ల సంగతి ముందే తేల్చాలి, ఆ రోజు కాదు. ఆమె మహిళల టాయిలెట్ వాడతారు, అంతే. వేరే అంతస్తులో ఉన్న సింగిల్ టాయిలెట్‌కి పంపించడం పరిష్కారం కాదు. రోజుకి నాలుగుసార్లు అంత దూరం నడవాల్సి వస్తే మనిషి నీళ్లు తాగడం మానేస్తారు. సింగిల్ టాయిలెట్ ఉంటే ఎవరైనా వాడుకోవచ్చని బోర్డు పెట్టండి. ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే వాళ్లే అక్కడికి వెళ్లవచ్చు.

సర్వర్‌గది:
డిస్‌ప్లే నేమ్ మారిస్తే అయిపోదు. సాయంత్రం మారుస్తారు, రాత్రి హెచ్‌ఆర్ సిస్టమ్ నుంచి డైరెక్టరీకి సింక్ (వివరాలు వాటంతటవే కాపీ కావడం) నడుస్తుంది, పొద్దున్నే వచ్చేసరికి పాత పేరు మళ్లీ కూర్చుని ఉంటుంది. మొదటిరోజే ఇలా జరిగితే ఆ ఉద్యోగికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. అందుకని మార్పు మూలంలో జరగాలి. హెచ్‌ఆర్ సిస్టమ్‌లో వాడుక పేరు గడి ఉంచి, సింక్ నియమాన్ని "వాడుక పేరు ఉంటే అది, లేకపోతే పత్రాల్లోని పేరు" అని మార్చండి. మొదటి పేరు, ఇంటిపేరు, డిస్‌ప్లే నేమ్ మూడింటికీ ఇదే నియమం వర్తించాలి. ఒక్క డిస్‌ప్లే నేమ్‌కే పెడితే కొన్ని అప్లికేషన్లు మొదటి పేరు తీసుకుని "హలో ఫలానా" అని పాత పేరుతో పలకరిస్తాయి. సింక్‌ని పరీక్షా ఖాతా మీద రెండు రాత్రులు నడిపించి చూశాకే అసలు ఖాతా ముట్టుకోండి.

రెండోది లాగిన్ పేరు. పాత పేరులోంచి పుట్టిన లాగిన్ ఐడీని అలాగే వదిలేస్తే అది ప్రతి టికెట్‌లో, ప్రతి లాగ్‌లో కనబడుతూనే ఉంటుంది. మార్చండి. కానీ ఖాతాని తీసేసి కొత్తది సృష్టించవద్దు. అలా చేస్తే అనుమతులు, గ్రూపులు, మెయిల్‌బాక్సు అన్నీ పోతాయి. ఉన్న ఖాతాకే పేరు మార్చాలి, లోపలి గుర్తింపు సంఖ్య మారదు కాబట్టి అనుమతులు నిలుస్తాయి. చిక్కు ఎక్కడొస్తుందంటే, లాగిన్ పేరునో ఈమెయిల్‌నో తాళంచెవిలా వాడుకునే అప్లికేషన్లలో. వాటికి కొత్త పేరుతో వచ్చిన మనిషి కొత్త మనిషే. ఖాళీ ఖాతా తెరుచుకుంటుంది. అలాంటివి ఏవో ముందే పట్టిక రాసుకుని, ఒక్కోదాంట్లో చేత్తో మార్చాలి. వన్‌డ్రైవ్ చిరునామా కూడా లాగిన్ పేరుతోనే తయారవుతుంది, కనుక పంచుకున్న లింకులు పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి.

మూడోది ల్యాప్‌టాప్. విండోస్‌లో ఖాతా పేరు మార్చినా సి డ్రైవు కింద యూజర్స్ ఫోల్డర్‌లో ఉన్న ప్రొఫైల్ ఫోల్డరు పేరు మారదు. స్క్రీన్ షేర్ చేసి కమాండ్ విండో తెరిస్తే పాత పేరు పెద్ద అక్షరాలతో అందరి ముందూ కనబడుతుంది. బిల్డ్ లాగుల్లో, ఎర్రర్ సందేశాల్లో దారి మొత్తం ముద్రపడుతుంది. ఫోల్డరు పేరు చేత్తో మార్చబోతే రిజిస్ట్రీలో దారులు తెగి సాఫ్ట్‌వేర్లు మొరాయిస్తాయి. మొదటి నుంచీ కొత్తగా విండోస్ వేసిన ల్యాప్‌టాప్ ఇవ్వడమే శుభ్రమైన పని. పాత ఫైళ్లు కాపీ చేసుకోవడానికి సగం రోజు చాలు.

ఇంకా మరచిపోయేవి: వర్డ్‌లో వ్యాఖ్యల పక్కన కనబడే రచయిత పేరు, ఫైలు లక్షణాల్లోని "ఆథర్" గడి, ఈమెయిల్ సంతకం టెంప్లేటు, ప్రింటర్ దగ్గర వచ్చే పేరు, మీటింగ్ గది బయటి తెరపై నిర్వాహకుల పేరు, డెస్క్ ఫోన్ కాలర్ ఐడీ. వారం వారం వచ్చే మీటింగ్ ఆహ్వానాలు పాత పేరుతో పంపినవైతే మిగతావాళ్ల క్యాలెండర్లలో ఆ పేరే ఉండిపోతుంది. రద్దు చేసి మళ్లీ పంపాలి. ఈమెయిల్ సంతకానికి డిజిటల్ సర్టిఫికెట్ ఉంటే కొత్త పేరుతో కొత్తది తీసుకోవాలి. అయితే పాత ప్రైవేట్ కీని పారేయకూడదు. అది పోతే పాత గుప్తలిపి మెయిళ్లు ఇక ఎప్పటికీ తెరుచుకోవు.

తేదీకి ముందు శుక్రవారం సాయంత్రం మార్పులు చేసి, శని, ఆదివారాల్లో ఒక మనిషి ఆ ఖాతాతో అన్ని చోట్లా వెతికి చూడాలి. పాత పేరు శోధన పెట్టెలో కొడితే ఎక్కడా ఏమీ రాకూడదు. పరీక్ష అంటే ఇదే.

చేతిపుస్తకం:
ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు అండి. రెండు సందేహాలు. పాత ఈమెయిల్‌ని ఏలియాస్‌గా (అదే మెయిల్‌బాక్సుకి రెండో చిరునామాగా) ఉంచమని మావాళ్లు అంటున్నారు. క్లయింట్ల మెయిళ్లు రావాలి కదా. అది సరేనా? రెండోది, ఆవిడ ప్రోగ్రామర్. గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్) ఏళ్ల తరబడి కమిట్లు, అంటే నమోదు చేసిన మార్పులు, పాత పేరుతో ఉన్నాయి.

సర్వర్‌గది:
మెయిళ్లు రావాల్సిందే, కానీ ఏలియాస్‌గా వద్దు. అవుట్‌లుక్‌లో అడ్రస్ బుక్ తెరిచి ఎవరి వివరాలైనా నొక్కితే "ఈమెయిల్ అడ్రసెస్" అనే ట్యాబ్‌లో ఆ మనిషి చిరునామాలన్నీ కనబడతాయి, పాతది కూడా. దానికి బదులు పాత చిరునామాను ఆమె ఖాతా నుంచి విడదీసి, అడ్రస్ బుక్‌లో కనబడకుండా దాచిన వేరే మెయిల్‌బాక్సుకి ఇచ్చి, అక్కణ్ణుంచి ఫార్వర్డ్ చేయండి. క్లయింట్లంతా కొత్త చిరునామాకి అలవాటు పడేదాకా, ఆరు నెలలో ఏడాదో, ఉంచి మూసేయవచ్చు. ఆ చిరునామాను ఇంకెవరికీ ఇవ్వకూడదు. ఇంకొకటి, మెయిల్ రాసేటప్పుడు పేరులో రెండక్షరాలు కొట్టగానే పైకి వచ్చే జాబితా పంపేవాళ్ల వైపు దాచి ఉంటుంది, సర్వర్లో మార్చినా పోదు. జట్టులో ప్రతి ఒక్కరూ ఆ పేరు పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కి తీసేయాలి. మేనేజరు చెప్పే మాటల్లో ఇది కూడా కలపండి.

గిట్‌లో కమిట్ హ్యాష్ (ఒక్కో కమిట్‌ని గుర్తించే కోడ్) లెక్కలో రచయిత పేరు, ఈమెయిల్ కూడా కలుస్తాయి. చరిత్ర తిరగరాస్తే అక్కణ్ణుంచి పైనున్న హ్యాష్‌లన్నీ మారిపోతాయి, అందరి కాపీలూ విరుగుతాయి. మామూలుగా చేసేది రిపోజిటరీ (కోడూ దాని చరిత్రా ఉండే ఫోల్డరు) మూలంలో మెయిల్‌మ్యాప్ ఫైలు పెట్టడం: కొత్త పేరు, కోణపు బ్రాకెట్లలో కొత్త ఈమెయిల్, పక్కనే కోణపు బ్రాకెట్లలో పాత ఈమెయిల్. లాగ్, బ్లేమ్, షార్ట్‌లాగ్ అనే గిట్ ఆదేశాలన్నీ కొత్త పేరే చూపిస్తాయి. లోపం ఏంటంటే, పాత ఈమెయిల్‌లోనే పాత పేరుంటే ఈ ఫైలు రెండు పేర్లకీ మధ్య ముడిని బహిరంగంగా రాసి పెట్టినట్టే. పాత మెయిల్‌లో పేరు కాకుండా ఉద్యోగి సంఖ్య ఉంటే భేషుగ్గా పనిచేస్తుంది. పేరే ఉంటే మాత్రం ఆమెనే అడగండి: ఫైలు కావాలా, పాత కమిట్లను అలాగే వదిలేయాలా, లేక చిన్న రిపోజిటరీ అయితే అందరికీ ముందుగా చెప్పి ఒక సెలవురోజు చరిత్ర తిరగరాయాలా అని. ఈ మూడూ సరైన దారులే. ఎంచుకునేది ఆమె.

వాడుకభాష:
తెలుగు సంగతికి వస్తాను. ఇంగ్లీషులో "షి", "హి" అనే రెండు మాటల దగ్గర జాగ్రత్తపడితే గట్టెక్కుతారు. తెలుగులో లింగం క్రియ చివర దాక్కుని ఉంటుంది. "ఆమె" అని మొదలుపెట్టి "ఫైల్ పంపాడు" అని ముగించేవాళ్లు చాలామంది. మనసు సర్వనామం దగ్గర జాగ్రత్తపడుతుంది, నోరు క్రియ దగ్గర పాత అలవాటుకి జారుతుంది.

దీనికి తెలుగులోనే మందు ఉంది: పేరు చివర "గారు", క్రియ చివర "-ఆరు". "___ గారు పంపారు", "ఆవిడ చూస్తారు", "వారే చెప్పారు". బహువచన గౌరవరూపంలో లింగం కనబడదు. అయితే జట్టులో మిగతా ఆడవాళ్లందరినీ "పంపింది, చూసింది" అని చనువుగా అంటూ, ఈమె ఒక్కరినే "పంపారు" అంటే అది గౌరవం కాదు, వెలి. మిగతావాళ్లతో ఎలా మాట్లాడతారో ఈమెతోనూ అలాగే. మొదటి రెండు మూడు వారాలు జట్టు మొత్తం ఒకరినొకరు "గారు, ఆరు" అనుకుంటే ఎవరికీ తేడా తెలియకుండా నోరు అలవాటు పడుతుంది.

ఇంకో ప్రమాదం. తెలుగులో స్త్రీకీ వస్తువుకీ క్రియ ఒకటే: "ఆమె వచ్చింది", "బస్సు వచ్చింది". అందువల్ల సర్వనామం వదిలేసి "వచ్చింది, పోయింది" అని వెటకారపు గొంతుతో అంటే "అది" అన్నట్టే వినబడుతుంది. కొందరు కావాలనే అలా అంటారు. ఫిర్యాదు చేస్తే "వ్యాకరణం ప్రకారం సరిగ్గానే అన్నాను కదా" అంటారు. హెచ్‌ఆర్ వాళ్లకి ఈ సూక్ష్మం తెలిసి ఉండాలి. "అది", "ఇది" అని మనిషిని ఉద్దేశించి అనడం వేధింపేనని తెలుగులో స్పష్టంగా నియమాల్లో రాయండి.

పాత చనువు పిలుపులు అన్నిటికంటే మొండివి. "ఏంట్రా", "బాసూ", "మావాడు". వీటిని "ఏమే", "మా అమ్మాయి"తో భర్తీ చేయొద్దు, అది ఇంకో రకం ఎగతాళి అవుతుంది. ఊరికే మానేసి పేరుతో పిలవండి. అక్కా అనాలా, చెల్లీ అనాలా, ఏమీ అనకూడదా అన్నది ఆమె చెబితేనే. గతం గురించి మాట్లాడేటప్పుడూ ఇప్పటి పేరే, ఇప్పటి లింగమే: "మూడేళ్ల కిందట ఈ భాగం రాసింది ఆమే." "అప్పుడు అతను, ఇప్పుడు ఆమె" అని చీల్చి చెప్పనక్కర్లేదు. "ఆడదానిలా మారాడు" అనే వాక్యం అసలు వద్దు. "ఆమె ట్రాన్స్ మహిళ", "అతను ట్రాన్స్ పురుషుడు" అనేవి పూర్తి వాక్యాలు.

నాన్‌బైనరీ వ్యక్తికి "తను", "గారు"తో పాటు ఆరు రూపం హాయిగా సరిపోతుంది. తమ గురించి తాము చెప్పుకునేటప్పుడు తెలుగు క్రియలో లింగం లేదు కాబట్టి, "నేను వచ్చాను" అనడంలో ఎవరికీ ఇబ్బంది లేదు. తప్పు ఎప్పుడూ ఎదుటివాళ్ల నోట్లోంచే వస్తుంది. వస్తే, "పంపాడు, సారీ, పంపింది" అని అక్కడికక్కడ దిద్దుకుని పనిలోకి వెళ్లిపోండి. ఐదు నిమిషాల క్షమాపణ పెడితే అందరి ముందూ ఆమే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.

నియామక పత్రాలు తెలుగులో ఇస్తే "సభ్యుడు, నాయకుడు" లాంటివి ఒకసారి చూసుకోండి. "సభ్యురాలు, నాయకురాలు" అని మార్చడం మరచిపోతారు.

దారి:
నియమావళి గారి సలహాలో ఒక్కదాంతో విభేదిస్తాను. "ఆమె ట్రాన్స్ మహిళ" అని ప్రకటనలో రాయాలన్న నియమం ఏమీ లేదు. "ఇకనుంచి ఆమె పేరు ___" అంటే జట్టుకి చాలినంత అర్థమవుతుంది. ఆ పదం ఉండాలా వద్దా అన్నది ఆమె తేల్చాలి. అలాగే కొందరు ప్రకటన రోజు సెలవు పెట్టుకుని, అందరి మొదటి ఆశ్చర్యం చల్లారాక మర్నాడు వస్తారు. కొందరికి తామే నిలబడి చెప్పడం ఇష్టం. క్లయింట్లకి ప్రకటనే అక్కర్లేదు. కొత్త చిరునామా నుంచి "ఇకనుంచి ఈ పేరుతో, ఈ మెయిల్‌లో ఉంటాను" అని రెండు వాక్యాలు పంపితే సరిపోతుంది.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి: పాత అనుభవం. ఆమె రేపు ఇంకో ఉద్యోగానికి వెళితే, ముందటి సంస్థలు ఇచ్చిన ఎక్స్‌పీరియన్స్ లెటర్లు పాత పేరుతో ఉంటాయి. చూపిస్తే బయటపడుతుంది, చూపించకపోతే ఏళ్ల పని గల్లంతవుతుంది. 1968లో కంప్యూటర్ ఇంజనీరు లిన్ కాన్వే తాను ట్రాన్సిషన్ (తనదైన లింగంతో జీవించడం మొదలుపెట్టడం) అవుతున్నానని చెప్పాక ఐబీఎం ఆమెను తీసేసింది. కంప్యూటర్ నిర్మాణంలో అక్కడ చేసిన పరిశోధన తనదేనని బయటికి చెప్పుకోలేక, ఆమె కొత్త పేరుతో కాంట్రాక్టు ప్రోగ్రామర్‌గా మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సి వచ్చింది. తర్వాత చిప్ డిజైన్‌లో ఆమె చేసిన పని ప్రపంచమంతా పాఠంగా చదివింది. ఐబీఎం క్షమాపణ చెప్పింది 2020లో. మీ దగ్గర పనిచేసి వెళ్లిపోయిన ట్రాన్స్ ఉద్యోగి ఎవరైనా లెటర్ తిరిగి ఇవ్వమని అడిగితే, అవే తేదీలతో, అదే హోదాతో, కొత్త పేరుతో కొత్త కాగితం ఇవ్వండి. "పూర్వనామం ఫలానా" అని కింద రాయొద్దు. తనిఖీ ఏజెన్సీ ఫోన్ చేస్తే కొత్త పేరుతో వెతికినా రికార్డు దొరికేలా చూడండి, లేకపోతే "అలాంటివారు ఇక్కడ పనిచేయలేదు" అనే జవాబు వెళ్తుంది. ఉద్యోగం పోయేది సరిగ్గా అక్కడే.

పరిశోధనా పత్రాలు రాసేవాళ్లయితే, పరిశోధకులకి ఇచ్చే ORCID గుర్తింపు సంఖ్య మారదు, దాని మీది పేరు మార్చుకోవచ్చు. పాత వ్యాసాల మీద రచయిత పేరు మార్చే విధానం చాలామంది ప్రచురణకర్తలకి ఇప్పుడు ఉంది, అడగాలి.

మేనేజరు గమనించాల్సింది ఇంకోటి. న్యూరోబయాలజిస్టు బెన్ బారెస్ ట్రాన్స్ పురుషుడు. ఆయన ప్రసంగం విన్న ఒకరు "ఈయన పని వాళ్ల చెల్లెలి పని కంటే చాలా బావుంది" అన్నారట. ఆ "చెల్లెలు" ఆయనే, ట్రాన్సిషన్‌కి ముందు. అదే మనిషి, అదే పని. మీ విషయంలో దిశ తిరగబడుతుంది: నిన్నటిదాకా మీటింగ్‌లో మధ్యలో ఎవరూ అడ్డుపడని మనిషి మాటకి రేపటి నుంచి అడ్డుపడటం మొదలవుతుంది. ఆరు నెలల తర్వాత పనితీరు సమీక్షలో మార్కులు తగ్గితే, పని తగ్గిందా, చూసే కళ్లు మారాయా అని పాత సమీక్షలు పక్కన పెట్టి చదవండి.

చేతిపుస్తకం:
చివరగా ఒకటి. బీమా, సెలవుల దగ్గర ఏం జాగ్రత్తపడాలి? ప్రయాణాల బుకింగ్ కూడా.

నియమావళి:
ముందు, దారి గారు చెప్పింది సబబే. నా నమూనాలో ఆ వాక్యాన్ని ఆమె ఉంచమంటేనే ఉంచండి.

బీమాలో లింగం గడికీ చికిత్సకీ పొంతన కుదరక సిస్టమ్ దానంతట అదే క్లెయిమ్ తిరస్కరిస్తుంది. పురుషుడని నమోదైన మనిషికి గైనకాలజీ బిల్లు, స్త్రీ అని నమోదైన మనిషికి ప్రోస్టేట్ పరీక్ష లాంటివి. గడి మార్చేముందే బీమా సంస్థను రాతపూర్వకంగా అడగండి: ఇలాంటి తిరస్కరణను చేత్తో సరిదిద్దే మనిషి ఎవరు, ఎన్ని రోజులు పడుతుంది అని. ఉద్యోగి పేరు చెప్పకుండానే అడగవచ్చు.

సెలవు ఫారంలో "వైద్య సెలవు" అని ఉంటే చాలు, ఏ చికిత్సో మేనేజరుకి తెలియనక్కర్లేదు. మానసిక వైద్యుడి సర్టిఫికెట్ తెస్తేనే పేరు మారుస్తామనే నిబంధన మీ దగ్గర ఉంటే తీసేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో ట్రాన్స్‌గా ఉండటానికి సంబంధించిన నిర్ధారణను మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి బయటికి తెచ్చింది. 2019లో ఆమోదించారు, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది.

టికెట్లు ఆమె చూపించే గుర్తింపు పత్రంలో ఉన్న పేరుతోనే తీయాలి, లేకపోతే విమానం దగ్గర ఆపేస్తారు. లీకు ఎక్కడంటే, బుకింగ్ ఖరారైన మెయిల్ మేనేజరుకీ జట్టు సహాయకులకీ కాపీ వెళ్తుంది, అందులో పాత పేరు ఉంటుంది. ఆమె ప్రొఫైల్‌కి ఆ కాపీలు ఆపించండి. హోటల్ గది మాత్రం వాడుక పేరుతో తీసుకోవచ్చేమో హోటల్‌నే అడగండి. చాలాచోట్ల చెక్-ఇన్ దగ్గర పత్రం చూపిస్తే సరిపోతుంది. లాబీలో సహోద్యోగుల ముందు పాత పేరుతో పిలవడం తప్పుతుంది.

పత్రాలు మారిన రోజున జీతం, పన్ను, బ్యాంకు మూడింటినీ ఒకే జీతపు నెలలో మార్చండి. జీతం ఫైల్లో కొత్త పేరు, బ్యాంకులో పాత పేరు ఉంటే ఆ నెల జీతం వెనక్కి వచ్చే అవకాశం ఉంది. నెల జీతం పడిన మర్నాడు మొదలుపెడితే మీ చేతిలో దాదాపు నాలుగు వారాలుంటాయి.